ఎండుకోటలో నేరేడు మధువు

లోయ మీద తాళ్ల వంతెన. వంతెన మధ్యలో ఎలుగుబంటి. లింగమల్లు దాటి వచ్చిన పలకలు వెనుక ఒక్కొక్కటే ఊడి లోయలోకి రాలిపోతున్నాయి కాబట్టి తిరిగి పోయే మాట లేదు. ముందుకు పోవాలంటే ఆ ఎలుగు ఒళ్లోంచి పోవాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని పెద్దలు ఊరికే అనలేదు. అలాంటి చోట ఒకసారి నిలబడి చూసినవాళ్లే ఆ మాట అని ఉంటారు.

అది పుట్టలు తవ్వుకుని బతికే మామూలు ఎలుగు కాదు. గున్న ఏనుగంత ఒళ్లు, కొడవళ్ల లాంటి గోళ్లు, మెడలో ఇనప గొలుసు. మాంత్రికుడు ధూమకంఠుడు తన కోటకు కాపలాగా పెంచుకుంటున్న జంతువు. అది వెనుక కాళ్ల మీద లేచేసరికి వంతెన ఊయలలా ఊగింది. లింగమల్లు ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో మొలలో కత్తి కోసం తడుముకున్నాడు. కత్తి లేదు. మధువు రుచి చూసే పెద్దమనిషి వేషం కట్టినవాడి మొలలో కత్తి ఎందుకుంటుంది? ఉన్నదల్లా నడుముకు వేలాడుతున్న సొరబుర్ర. అందులో తేనె.

తేనెకొండ మనుషులు ఎంత దూరం పోయినా తమ కొండ తేనె బుర్రెడు వెంట పెట్టుకుంటారు. పరాయి చోట ప్రాణం పోయే వేళ వస్తే ఎవరో ఒక పుణ్యాత్ముడు ఆ తేనె నోట్లో పోస్తాడని. తన చావు కోసం దాచుకున్న ఆ తేనెను లింగమల్లు ఎలుగు మీదకు విసిరాడు. బుర్ర దాని రొమ్ముకు తగిలి ఫెళ్లున పగిలింది. తేనె బొచ్చులోకి ధారగా కారింది. ఎలుగు ఒక్క క్షణం ఆలోచించి, చతికిలబడి, మెడ వంచుకుని నాక్కోవడం మొదలుపెట్టింది. లింగమల్లు పక్క తాడు మీద కోతిలా పాకి అవతలి గట్టున పడ్డాడు. పడి, తన తెలివికి తానే మురిసిపోయాడు. మురిసిపోనివ్వండి పాపం. ఆ మురిపెం ఎంతసేపు నిలుస్తుందో మనమే చూద్దాం.

ఎదురుగా ఎండుకోట. నల్లసేనపు రాళ్ల ప్రాకారం, దాని మీద బూడిదరంగు బురుజులు, బురుజుల మీద గాలి వీచినా కదలని జెండాలు. చుట్టూ ఎటు చూసినా పూలతోటలే, కాని ప్రతి పువ్వూ కొమ్మ మీదే ఎండి గలగలమంటోంది. ఎండిన సంపెంగలు, ఎండిన మొగలిరేకులు, ఎండిన పారిజాతాలు. తామరకొలనులో నీటికి బదులు తెల్లటి ఇసుక, ఆ ఇసుకలో మెడలు చాచిన పాలరాతి హంసలు. తుమ్మెద లేదు, ఈగ లేదు, నేల మీద చీమ లేదు. తీపి అనేది ఆ కోటలో నేలమాళిగలో తప్ప మరెక్కడా లేదు. అక్కడ ఉన్నది కూడా జాడీల్లో పడి చస్తున్న తీపి.

ఈ గోలంతా దేనికో తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ధూమకంఠుడికి చావంటే భయం. అందుకని వయసులో ఉన్నవాళ్లను పట్టి తెచ్చి, మంత్రం వేసి తేనెగా మార్చి, ఆ తేనెలో ఊటనీళ్లు కలిపి జాడీలో మూసిపెడతాడు. జాడీలో తేనెనీళ్లు పులిసి మధువవుతాయి. పులుపు రోజూ కొంచెం కొంచెంగా తీపిని తినేస్తుంది. తీపి మిగిలి ఉన్నంతకాలం లోపలి మనిషి బతికి ఉన్నట్టు. తీపి పూర్తిగా విరిగిపోతే, దాన్ని ఆ కోటలో ఎండటం అంటారు, మనిషి పోయినట్టు. అప్పుడు ధూమకంఠుడు ఆ మధువు తాగుతాడు, పోయినవాళ్లు బతకాల్సిన ఏళ్లన్నీ తన ఖాతాలో వేసుకుంటాడు. తీపి పిసరు మిగిలి ఉండగా తాగాడా, వాడి గొంతు అక్కడికక్కడే కాలిపోతుంది. చిక్కేమిటంటే, మంత్రసిద్ధుల కోసం ఎప్పుడో నిప్పు మింగి వాడు నాలుక కాల్చుకున్నాడు. బెల్లానికీ ఇసుకకూ తేడా తెలియదు. అందుకే వాడికి రుచి చూసి చెప్పే రుచికాళ్లు కావాలి.

లింగమల్లు చెల్లెలు కోనమ్మ ఆ జాడీల్లో ఒకదాంట్లో ఉంది. పూసిన నేరేడు చెట్టుకు పట్టిన తేనెపట్టు కోయడానికి పోయిన పిల్ల తిరిగి రాలేదు. తీపి కాస్తయినా ఉండగా జాడీని తేనెకొండకు మోసుకొచ్చి ఆ నేరేడు పూత కిందే పోస్తే పిల్ల మళ్లీ పిల్లవుతుందని కొండ పెద్ద చెప్పాడు. ఎండిన తర్వాత పోస్తే నేల తడుస్తుంది, అంతే అన్నాడు. లింగమల్లు ఆ మాట పట్టుకుని బయలుదేరాడు. దారిలో ఒక సత్రంలో ధూమకంఠుడి పిలుపు అందుకుని గడగడ వణుకుతున్న రుచికాడొకడు కనిపించాడు. రేవుపట్నంవాడు, పేరు కుబేరదత్తుడు. వేషాలు మార్చుకుందామనగానే ఆ మహానుభావుడు తలపాగా, గాడిద, గాడిదతో పాటు ఆశీర్వాదం కూడా ఉచితంగా ఇచ్చి, రుచికాళ్ల పద్ధతులు రెండు మూడు నేర్పి, పక్క గుమ్మంలోంచి మాయమయ్యాడు.

కోట తలుపు తోయకుండానే తెరుచుకుంది. లోపల పొగ. ఆ పొగలోంచి తాళ్లంత లావు పాములు లేచి లింగమల్లు మెడకు చుట్టుకోబోయాయి. ఊపిరి పీల్చినవాడి ఊపిరితిత్తుల్లో గూడు పెట్టే పాములవి. పట్టు కోసేటప్పుడు పొగలో ఎలా మసలాలో తేనెకొండవాడికి ఒకరు చెప్పాలా? దమ్ము బిగబట్టి, నేలకు కరుచుకుని, గడప ఆనవాలు చేతికి తగిలేదాకా పాకాడు. పాములు పైన వెతుక్కుంటూనే ఉన్నాయి. గడప దాటగానే మెట్లు. దిగితే నేలమాళిగ.

మైనంతో మూతులు బిగించిన జాడీలు వరసలు వరసలుగా చీకట్లో కలిసిపోయేదాకా ఉన్నాయి. దివిటీ పట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. జాడీల మూతులకు మైనం పట్టించే ఆమె పేరు సంకులమ్మ. ఎత్తుపీట మీద ధూమకంఠుడు. బక్కపలచటి మనిషి, ఎముకల మీద పట్టుబట్ట ఆరేసినట్టున్నాడు. మాట్లాడితే మాటతో పాటు పొగ వస్తుంది.

ఎండిందా లేదా అని చెబితే చాలదన్నాడు వాడు. రుచి చెప్పాలి. అణువణువూ చెప్పాలి. ఇంతకుముందు వచ్చినవాళ్లు బాగుంది, పుల్లగా ఉంది అని ఊరుకున్నారట, వాళ్లను ఎలుగుకు వేశాడట. నాలుక చచ్చినవాడికి మాటలే తిండి. లింగమల్లు ఆ కళ్లలో ఆకలి చూశాడు.

సంకులమ్మ మొదటి జాడీలోంచి కంచుగిన్నెలో కొద్దిగా వంచింది. లింగమల్లు గిన్నెను దివిటీకి ఎత్తి చూశాడు. తేరుకున్న మధువు, తోమిన ఇత్తడి రంగు, మడ్డి నలుసు లేదు. గిన్నె తిప్పితే అంచుల మీంచి సన్నటి చారలు నింపాదిగా దిగాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక గుక్క పుచ్చుకుని నాలుక కింద నిలిపి, పళ్ల సందుల్లోంచి కాస్త గాలి లాగి, నోరంతా తిప్పి, కుబేరదత్తుడు నేర్పినట్టు తమ్మపడిగలో ఉమ్మాడు. రేవుపట్నం రుచికాళ్లు ఎంత గొప్ప మధువునైనా మింగరు.

తంగేడు తేనె అన్నాడు. ముక్కు దగ్గర పెడితే అప్పుడే కోసిన పట్టు, కాస్త మైనం, ఎండ తగిలిన గడ్డి. ఆ వాసనకు నోరు తీపి వస్తుందని కాచుకుని కూర్చుంటుంది. రాదు. నాలుక చివర ఏమీ లేదు, పక్కల సన్నటి పులుపు, మొదట్లో చేదు తగిలీ తగలనట్టు, గొంతులో వెచ్చదనం. తీపి వెళ్లిపోయింది గాని పువ్వు వెళ్లలేదు. మంచి మధువు గొప్పతనమంతా అదే. తియ్యటి మధువును పసిపిల్లాడైనా మెచ్చుకుంటాడు, ఇలాంటిదాన్ని మెచ్చుకోవాలంటే నోరు కాస్త నిదానం నేర్చుకోవాలి. ఇలా చెబుతూ చెబుతూ లింగమల్లు తనకు తెలియకుండానే ఆ రుచిలో పడిపోయాడు. అది అతని కులవిద్య మరి. ఎండింది అనేశాడు. అబద్ధమాడి లాభం లేదు, లోపలి మనిషి ఎప్పుడో పోయాడు. ధూమకంఠుడు గిన్నె అందుకుని గటగటా తాగాడు. వాడి కణత మీద తెల్లవెంట్రుకలు చూస్తుండగానే నల్లబడ్డాయి. లింగమల్లుకు ఆ రుచి మెచ్చుకున్న తన నోటి మీద అసహ్యం వేసింది.

రెండో జాడీ ఇంకా సగం తీపి మీదే ఉంది. మూతి మళ్లీ బిగించారు.

మూడో జాడీ మైనం విప్పుతుండగానే అతనికి తెలిసిపోయింది. వాన వెలిసిన తర్వాత నేరేడు పూత వాసన. ఆ వాసనలో ఆ పిల్ల జుట్టు, ఆ పిల్ల నడిచిన రాళ్లు, తేనె పిండి మోచేతుల దాకా నాక్కుంటూ తిట్లు తినే ఆ పిల్ల అల్లరి అన్నీ ఉన్నాయి. గిన్నె అందుకుని గోడకు ఆనుకున్నాడు. గుక్క తీసుకున్నాడు. నాలుక చివర లేదు. పక్కల నేరేడు వగరు, పులుపు. గొంతులో వేడి. అంతలో నాలుక మొదట్లో, ఎక్కడో అడుగున, తీపి పిసరంత తగిలింది. బతికే ఉంది.

ఇప్పుడు ఉమ్మాలి. తమ్మపడిగ ముందే ఉంది. ఉమ్మి, ఎండలేదు అంటే ఆ పూటకు గండం గడిచేది. ఎక్కడైనా చెల్లెల్ని తమ్మపడిగలో ఉమ్ముతారా? తేనెకొండలో ఇంటి తేనె కింద పడితే నేల మీంచి వేలితో అద్ది కళ్లకు అద్దుకుంటారు. లింగమల్లు మింగాడు.

ధూమకంఠుడి నోట్లోంచి పొగ సన్నగా వస్తోంది.

"రేవుపట్నం రుచికాడు మింగడు," అన్నాడు. "ఈ జాడీలో ఉన్నది నీకు ఏమవుతుంది?"

దాచి లాభం లేకపోయింది. చెల్లెలని, తీపి ఇంకా పిసరంత ఉందని లింగమల్లు చెప్పాడు. చంపుతాడనుకున్నాడు, చంపలేదు. పైగా ధూమకంఠుడు సంతోషించాడు. ఇంత బాగా రుచి చెప్పినవాడు తన కోటలోకి రాలేదట. ఇక నుంచి పొద్దున్నే వచ్చి లింగమల్లు ఆ జాడీలోంచి ఒక గుక్క తాగాలి, తీపి ఎంత మిగిలిందో చెప్పాలి. తీపి ఉండగా ఎండిందని అబద్ధమాడితే తన గొంతు కాలే మాట నిజమే, కాని ఆ గొంతులో పడేది నీ చెల్లెలే కదా అన్నాడు. తీపి లేదని నిజం చెబితే ఎలాగూ తాగుతాడు. బతికుందో లేదో చూడ్డానికి తాగే ప్రతి గుక్కా ఆమెలోంచి తీసిన గుక్కే. ఆ లెక్క చెప్పి వాడు నవ్వుకుంటూ పైకి పోయాడు. లింగమల్లు జాడీ పక్కన కూలబడ్డాడు.

మర్నాడు పొద్దున ధూమకంఠుడు పీట మీద కూర్చున్నాడు. సంకులమ్మ గిన్నె అందించింది. లింగమల్లు చిట్టిగుక్క తీసుకుని నాలుక మీద ఎంతసేపు ఉంచుకోవచ్చో అంతసేపు ఉంచుకున్నాడు. చివర లేదు. పక్కల లేదు. మొదట్లో, నిన్న ఉన్నచోట, వగరు. అంతే. మళ్లీ వెతికాడు. చీకటింట్లో పోయిన ముక్కుపుడకను వెతికినట్టు నోరంతా వెతికాడు. లేదు.

మింగి, తీపి ఉందని చెప్పాడు.

రుచి చెప్పమన్నాడు ధూమకంఠుడు. చెప్పాడు లింగమల్లు. నోట్లో లేనిదాన్ని మనసులోంచి తవ్వి తీశాడు. వాన వెలిశాక కొమ్మ దులిపితే మీద పడే చుక్కలంత తీపి. కొత్త పట్టులో మొదటి గది పగిలినప్పటి తీపి. ఆ పిల్ల వేలు ముంచి అన్న నోట్లో పెట్టి, బాగుందా అని అడిగి, బాగుందనే లోపలే మిగిలిందంతా తాను తినేసేది, అదిగో ఆ తీపి. ధూమకంఠుడు కళ్లు మూసుకుని విన్నాడు. కాలిన నాలుక బయట పెట్టి పెదవులు తడుపుకున్నాడు కూడా.

తర్వాత కళ్లు తెరిచాడు.

"నిన్న పిసరంత అన్నావు, ఇవాళ దోసిళ్లతో పోశావు. జాడీలో తీపి తరుగుతుంది గాని పెరగదు."

లింగమల్లు తల వంచుకున్నాడు. ధూమకంఠుడు కోపగించుకోలేదు. కోట వెనుక కొండ మీది పుట్టలు తవ్వించి చీమల్ని తెప్పిస్తున్నానని, పొద్దు వాలేసరికి బుట్టలు వస్తాయని చెప్పాడు. మధువు ఒక బొట్టు నేల మీద వేసి చీమల్ని వదిలితే చాలు. తీపి ఉంటే మూగుతాయి, లేకపోతే పక్కనుంచి పోతాయి.

"చీమలకు చెల్లెళ్లుండరు," అని చెప్పి మెట్లెక్కాడు.

తలుపు పడింది. లింగమల్లు జాడీకి తల ఆనించి ఏడ్చాడు, చిన్నపిల్లాడు ఏడ్చినట్టు, సిగ్గు లేకుండా. సంకులమ్మ కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత అతని చెవి పట్టుకుని జాడీ పొట్టకు గట్టిగా అదిమింది.

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత లోపల ఎక్కడో ఒక్క బుడగ లేచి చిట్లింది.

తీపి నాలుకకు ముందు చస్తుంది, జాడీకి తర్వాత చస్తుందని చెప్పింది ముసలిది. బుడగ లేస్తున్నదంటే అడుగున కొసప్రాణం ఉన్నట్టే. ఈ పూటకు ఉంటుంది, రేపటికి ఉండదు. ఆమె పెనిమిటి జాడీ కూడా ఇలాగే చివరి రోజున బుడగలు వేసిందట. తన చేత్తోనే మైనం విప్పిందట. ఆ సంగతి కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా చెప్పింది. ఏడుపు ఎప్పుడో అయిపోయింది ఆమెకు.

"మందు లేదా అవ్వా?" అన్నాడు లింగమల్లు.

"ఎందుకు లేదు నాయనా. తేనె పొయ్యాల. ఏ కొండ పిల్లకు ఆ కొండ తేనె. చారెడు పోస్తే మళ్లీ నెల బతుకుద్ది. ఈ కోటలో ఎవురి దగ్గరుంది తేనె? నీ కొండోళ్లు బుర్ర కట్టుకుని తిరుగుతారంటగా, నీ బుర్ర ఏది?"

లింగమల్లు నడుము తడుముకున్నాడు. వంతెన గుర్తొచ్చింది. ఫెళ్లున పగిలిన చప్పుడు గుర్తొచ్చింది. తన తెలివికి తాను మురిసిపోయిన సంగతి కూడా గుర్తొచ్చింది. చెల్లెల్ని చేరుకోవడానికి చెల్లెలి ప్రాణాన్నే ఎలుగుకు మేపి వచ్చాడు. చెప్పాడు. సంకులమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ తర్వాత ఆమె ఏమనుకుందో ఏమో, జాడీల వెనుక ఒక రాతిపలకను కాలితో తన్నింది. కింద బిలం. జాడీలు కడిగిన మడ్డి ఆ బిలంలోంచి జారి కోట వైపు వంతెన మొదట్లో ఉన్న ఎలుగు గుహలో పడుతుంది. రోజూ ఆ మడ్డి తాగి అది మత్తుగా పడుకుంటుంది. ఇవాళ తొట్టెడు ఎక్కువే పోస్తానంది. అంతకంటే తన వల్ల కాదంది. మూతికి రాసే మైనం గిన్నె ఒకటి ఖాళీ చేసి అతని చేతిలో పెట్టింది. లింగమల్లు వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి, జాడీ వైపు ఒకసారి చూసి, బిలంలోకి దిగాడు.

పాకుడు పట్టిన రాయి. జారాడు. మోకాళ్లు చీరుకుపోయాయి, మోచేతులు దోక్కుపోయాయి, ముక్కులో పుల్లటి మడ్డి కంపు. ధబ్బున గుహలో పడేసరికి ఎదురుగా బొచ్చు కొండ. ఎలుగు వెల్లకిలా పడుకుని గురక పెడుతోంది. చుట్టూ ఎముకలు, వాటి మధ్య ఒక తలపాగా ముక్క. ఎలుగు నోట కరిచి తెచ్చుకున్న సొరబుర్ర పెంకులు అద్దంలా నాకేసి ఉన్నాయి. వాటిలో చుక్క లేదు.

లింగమల్లు వెనక్కి తిరగబోయి ఆగాడు. గుహ మూతిలోంచి వాలుపొద్దు వెలుగు ఎలుగు రొమ్ము మీద పడింది. గడ్డం కింద, గొలుసు ఒరుసుకునే చోట, ఎంత మెడ వంచినా దాని నాలుకకు అందని చోట, బొచ్చు అట్టకట్టి మెరుస్తోంది.

బుర్ర పెంకు ఒకటి ఏరుకుని ఎలుగు మీదకు వంగాడు. గీకాడు. ఎండిన తేనె బొచ్చుతో సహా పెళ్లగా లేచి గిన్నెలో పడింది. మళ్లీ గీకాడు. చారెడు కాదుకదా, చిటికెడు కూడా కాలేదు. గోరువెచ్చటి గురక అతని మొహాన కొడుతోంది. పైన కోట తలుపు కిర్రుమని తెరుచుకున్న చప్పుడైంది. ఎవరో బరువైనవేవో దింపుతున్నారు. చీమల బుట్టలు వచ్చేశాయి.

గొలుసు గలగలమంది. గురక ఆగిపోయింది.

లింగమల్లు కళ్లెత్తి చూశాడు. ఎలుగు కళ్లు తెరిచి అతన్నే చూస్తోంది. గిన్నెలో ఉన్నది ఇంకా చిటికెడు. లింగమల్లు గీకడం ఆపలేదు.